‘తురక’ మాటది ఏ ఊరు?

తెలుగులో ‘తురక’ అనే మాట పలికేవాళ్లని బట్టీ, పలికే చోటుని బట్టీ అర్థం మార్చుకుంటుంది. పల్లెలో పొరుగింటి ముసలమ్మ ‘తురకోళ్ల బుడ్డోడా, ఇట్రా నాయనా’ అని పిలిస్తే అందులో తిట్టు లేదు. కుమ్మరోళ్లు, సాలోళ్లు అన్నట్టే అదీ ఒక గుర్తు. తెలంగాణ పల్లెల్లో ‘తుర్కోల్లు’ అన్నా అంతే. అదే మాట పట్నంలో అద్దె ఇంటి గుమ్మం ముందు వినిపిస్తే తలుపు మూసుకుంటున్న చప్పుడవుతుంది. మసీదు ముందు ఊరేగింపు ఆగినప్పుడు వినిపిస్తే ఒంట్లో వణుకు పుడుతుంది.

ఈ మాట మీద మా వాళ్లలోనే ఏకాభిప్రాయం లేదు. చదువుకున్నవాళ్లు చాలామంది ‘ముస్లింలు అనండి, తురకలు అనకండి’ అంటారు. కాయకష్టం చేసుకునేవాళ్లు ‘మేం తురకోళ్లం’ అని తామే చెప్పుకుంటారు. ఇంట్లో మాట్లాడే ఉర్దూని ‘తురకం’ అంటారు. ఆ తురకం రాక, తెలుగే ఇంటి భాషగా బతికే దూదేకులవాళ్లని ఇటు ముస్లింలూ అటు హిందువులూ కూడా సగం తురకలుగానే చూస్తూ వచ్చారు.

అసలు ఈ మాటలో ఒక ప్రశ్న దాగి ఉంది: మీరెక్కడి నుంచి వచ్చారు? తురక అంటే టర్కీ వాడు, అంటే బయటివాడు, అంటే దండెత్తి వచ్చినవాడు. ఈ మూడు మెట్లూ ఎవరూ విడమరిచి చెప్పకుండానే సినిమాల్లోంచి, ఉపన్యాసాల్లోంచి, బడి పాఠాల్లోంచి పిల్లల బుర్రల్లోకి ఎక్కుతాయి. కాబట్టి ముందు మాట సంగతి తేల్చుకుందాం. ఇది ఎక్కడ పుట్టింది, ఎవరెవరి నోళ్లలో తిరిగింది, మన దగ్గరికొచ్చేసరికి ఏమైంది?

ఇస్లాం కన్నా పాత మాట

‘తుర్క్’ అనే పేరుతో మొదటి పెద్ద రాజ్యం క్రీ.శ. 552లో మంగోలియా గడ్డి మైదానాల్లో ఏర్పడింది. ప్రవక్త ముహమ్మద్ పుట్టింది 570 ప్రాంతంలో. అంటే ఇస్లాం రాకముందే ఈ మాట ఉంది. ఆనాటి తుర్కులు ఆకాశాన్ని ‘తెంగ్రి’ అనే పేరుతో దేవుడిగా కొలిచేవాళ్లు. వాళ్ల ఏలికలు 8వ శతాబ్దంలో వేయించిన శిలాశాసనాలు ఓర్ఖాన్ నది లోయలో ఉన్నాయి. ఆ లిపిని 1893లో విల్‌హెల్మ్ థామ్సెన్ అనే డెన్మార్క్ పండితుడు ఛేదించాడు. ఆ రాతల్లో తుర్క్ ఒక తెగ పేరు, ఒక రాజ్యం పేరు. దానికి మొదట ‘బలం’ అనో, ‘పక్వానికి వచ్చినవాడు’ అనో అర్థముండేదని పండితులు చెప్తారు. చైనా చరిత్రకారులు మాత్రం వాళ్లు కాపురమున్న కొండ శిరస్త్రాణంలా ఉంటుందనీ, ఆ శిరస్త్రాణం మాటే జాతి పేరయ్యిందనీ రాసుకున్నారు.

అరబ్బులకి తుర్కులు మొదట సరిహద్దు అవతలి శత్రువులు, తర్వాత కొని తెచ్చుకున్న సిపాయిలు. ఖలీఫా ముతసిమ్ (833–842) మధ్య ఆసియా నుంచి బానిస కుర్రాళ్లని తెప్పించి సైన్యం తయారు చేశాడు. వాళ్లకీ బాగ్దాద్ జనానికీ పొసగక 836లో రాజధానినే సమర్రాకి మార్చాల్సి వచ్చింది. ఆ శతాబ్దంలోనే జాహిజ్ అనే అరబ్బీ రచయిత తుర్కుల సుగుణాల మీద ఒక వ్యాసం రాశాడు. 1070లలో మహమూద్ కాష్గరీ తుర్కుల భాషకి అరబ్బీలో పెద్ద నిఘంటువు కూర్చాడు. అప్పటికి బానిసలుగా వచ్చిన జాతిలోంచి ఏలికలు పుట్టుకొచ్చారు. అరబ్బీలో ‘తుర్క్’ అంటే ముస్లిం అని అర్థం రాలేదు. రావలసిన అవసరమూ లేదు, అరబ్బులు తామే ముస్లింలు కదా.

ఫారసీ కవుల చేతిలో పడ్డాక ఈ మాట ఇంకో వేషం కట్టింది. అక్కడ తుర్క్ అంటే ప్రేయసి, తెల్లని ముఖం, గుండెల్ని కొల్లగొట్టే చూపు. 14వ శతాబ్దపు హఫీజ్ తన అతి ప్రసిద్ధ గజల్‌లో షిరాజ్ నగరపు తుర్క్ అనే పిలిచింది తాను మనసిచ్చినవాళ్లని. అదే గజల్‌లో ‘హిందూ’ అనే మాట కూడా ఉంది. ఆ చెంప మీది నల్లటి పుట్టుమచ్చకి విశేషణంగా. అంటే ఆ కవిత్వంలో తుర్క్ తెలుపు, హిందూ నలుపు. ఈ రెండు మాటలూ ఎదురెదురుగా నిలబడింది అక్కడే. కానీ ఆ కొట్లాట మతాల మధ్య కాదు, రంగుల మధ్య. అదే ఫారసీలో ‘తుర్క్‌తాజీ’ అంటే దోపిడీ దాడి. ముద్దూ దోపిడీ రెండూ ఒకే మాటలో ఇమిడిపోయాయి. తండ్రి వైపు తుర్కు, తల్లి వైపు ఇక్కడివాడు అయిన అమీర్ ఖుస్రో (1253–1325) తనని హిందుస్తానీ తుర్కుగా చెప్పుకున్నాడు. ఆయనకి ఆ రెండు మాటల మధ్య గోడ కనిపించలేదు.

మరి ఇప్పటి టర్కీ సంగతి? ఉస్మానియా సుల్తానుల కాలంలో ఇస్తాంబుల్ పెద్దమనుషులు తమని ‘ఉస్మాన్లీ’లు అనుకునేవాళ్లు. తుర్క్ అంటే వాళ్ల దృష్టిలో అనటోలియా పల్లెల్లో గొర్రెలు కాసుకునే, దున్నుకునే మోటువాడు. 1923లో గణతంత్రం వచ్చాక ముస్తఫా కెమాల్ ఆ చిన్నచూపు మాటనే దేశం పేరుగా నిలబెట్టాడు. 1934లో పార్లమెంటు ఆయనకిచ్చిన ఇంటిపేరు ‘అతాతుర్క్’, అంటే తుర్కుల తండ్రి. తిట్టు బిరుదు కావడానికి ఒక తరం సరిపోయింది.

సంస్కృతంలో తురుష్కులు

సంస్కృతంలోకి ఈ మాట ‘తురుష్క’ అయి వచ్చింది. అమరకోశంలో తురుష్క ఒక పరిమళ ద్రవ్యం పేరు. ధూపం వేసే ఆ బంకకి ఉన్న ఇంకో పేరు ‘యావనం’. ఏ దిక్కు నుంచి సరుకు వస్తే ఆ దిక్కు జనం పేరు సరుక్కి పెట్టారన్నమాట. ‘యవన’ కూడా ఇలాంటి మాటే. అయోనియా అనే గ్రీకు ప్రాంతం పేరు ఇరాన్ మీదుగా మనకొచ్చి, మొదట గ్రీకుల్నీ, తర్వాత పడమటి నుంచి వచ్చిన ప్రతివాళ్లనీ, చివరికి ముస్లింలనీ సూచించింది. ‘తురగం’ అంటే గుర్రం కాబట్టి తురక దానిలోంచే వచ్చిందనేవాళ్లున్నారు. అది చెవికి నచ్చే పోలిక మాత్రమే. తురగమంటే వేగంగా పోయేది, ఆ మాట వంశం వేరు.

1148–1150 ప్రాంతంలో కల్హణుడు రాసిన ‘రాజతరంగిణి’ ఈ విషయంలో మన కళ్లు తెరిపిస్తుంది. కనిష్కుడు, హుష్కుడు, జుష్కుడు అనే కాశ్మీర రాజుల్ని ఆయన తురుష్క వంశస్థులన్నాడు. వాళ్లు విహారాలు, మఠాలు కట్టించిన పుణ్యాత్ములని మెచ్చుకున్నాడు. అదే పుస్తకంలో 1089 నుంచి 1101 దాకా ఏలిన హర్షుడనే రాజునీ తురుష్కుడన్నాడు. ఈ హర్షుడు బంగారం కోసం గుళ్లలోని విగ్రహాల్ని పెకలించాడు, ఆ పనికి ప్రత్యేకంగా ఒక అధికారినే నియమించాడు. బౌద్ధాన్ని పోషించినవాడూ తురుష్కుడే, గుళ్లు దోచిన హిందూ రాజూ తురుష్కుడే. ఇద్దరిలో ఎవరూ ముస్లిం కాదు. మొదటిది వంశం చెప్పే మాట, రెండోది నడవడి చెప్పే మాట.

మతం మారినా జాతి పేరుతోనే పిలవడం ఆనాటి అలవాటు. పడమటి తీరంలో అరబ్బు వర్తకుల్ని ‘తాజికులు’ అనేవాళ్లు. మహారాష్ట్రలోని చించణిలో దొరికిన క్రీ.శ. 926 నాటి రాగిరేకుల్లో, రాష్ట్రకూటుల తరఫున ఆ ప్రాంతాన్ని పాలించిన ముహమ్మద్ అనే తాజికుడు ఒక దేవీ మఠానికి జరిగిన భూదానానికి అనుమతిచ్చిన సంగతి ఉంది. 1264లో సోమనాథ పట్టణం దగ్గర హోర్ముజ్ నుంచి వచ్చిన నూరుద్దీన్ ఫిరోజ్ అనే ఓడ వర్తకుడు మసీదు కట్టించాడు. దాని సంస్కృత శాసనం అల్లాని విశ్వనాథుడనీ, ప్రవక్తని బోధకుడనీ సంబోధించింది. అందులో ‘ముసలమాన’ అనే మాట కూడా ఉంది. అంటే మతం పేరు తెలియక కాదు. తెలిసినవాళ్లూ ఉన్నారు. అయినా జనవ్యవహారంలో గెలిచింది తెగల పేర్లే.

ఓరుగల్లు పడిపోయాక

1323లో ఢిల్లీ సైన్యం ఓరుగల్లుని పట్టుకుంది. ఆ తర్వాత కొద్దికాలానికి, 1330 ప్రాంతంలో, గోదావరి సీమలో ప్రోలయ నాయకుడు వేయించిన విలస శాసనం తురుష్కుల్ని తీవ్రంగా నిందించింది. ప్రతాపరుద్రుడనే సూర్యుడు అస్తమించాక లోకాన్ని చీకటి కమ్మిందంది. ఈ శాసనాన్ని దాచిపెట్టాల్సిన పని మనకి లేదు. యుద్ధంలో ఊళ్లు తగలబడ్డాయి, పంటలు పోయాయి, గుళ్లు దెబ్బతిన్నాయి. బాధపడ్డవాళ్లు బాధని రాసుకున్నారు. చూడాల్సింది ఏమిటంటే, ఆ కాలపు శాసనాల్లో శత్రువు పేరు తురుష్కుడు, యవనుడు, పారశీకుడు. ఆ పేర్లు గుర్రాల మీద వచ్చిన సైన్యానివి. ఊళ్లో దూది ఏకుకునేవాడివి కావు.

మరి కొన్నేళ్లకే కథ మారింది. అదే శతాబ్దంలో విజయనగర రాజులు ‘హిందూరాయ సురత్రాణ’ అనే బిరుదు పెట్టుకున్నారు. సురత్రాణ అంటే సుల్తానే. దేవతల్ని కాపాడేవాడు అని అర్థం వచ్చేలా సంస్కృతంలో మలిచారు. హిందూ రాజుల్లో సుల్తాన్ అనిపించుకోవడం వాళ్లకి గొప్ప. ఆ బిరుదులో ‘హిందూ’ కూడా బయటినుంచి వచ్చిన మాటే, సింధు నదికి ఇరాన్ వాళ్లు పలికిన పలుకు. 1439లో హంపీలో అహ్మద్ ఖాన్ అనే అధికారి దేవరాయల పుణ్యం కోసం కట్టించిన మసీదుని కన్నడ శాసనం ‘ధర్మశాల’ అంది. శ్రీకృష్ణదేవరాయల బిరుదుల్లో ఒకటి ‘యవనరాజ్య స్థాపనాచార్య’.

తెలుగు కవుల సంగతి చూడండి. శ్రీనాథుడు భీమేశ్వర పురాణంలో బెండపూడి అన్నమంత్రికి అరబ్బీ భాషా, తురుష్క భాషా వచ్చని పొగిడాడు. ఆ తురుష్క భాష ఫారసీ అయ్యుండాలి, ఎందుకంటే కచేరీల్లో నడిచింది అదే. ఇరాన్‌లోని హమదాన్ నుంచి వచ్చి గోల్కొండ రాజ్యం స్థాపించిన సుల్తాన్ కులీ తుర్కుమాన్ వంశంవాడు. అచ్చంగా తుర్కు అని చెప్పదగ్గవాడు ఆయన. ఆ వంశంలోని ఇబ్రహీం కుతుబ్‌షా (1550–1580) తెలుగు కవులకి ‘మల్కిభరాముడు’ అయ్యాడు. అద్దంకి గంగాధర కవి ‘తపతీ సంవరణోపాఖ్యానం’ ఆయనకే అంకితమిచ్చాడు. మొదటి అచ్చతెలుగు కావ్యమైన పొన్నిగంటి తెలగన ‘యయాతి చరిత్ర’ అంకితం తీసుకున్నది పటాన్‌చెరు అధికారి అమీన్‌ఖాన్. సంస్కృతం మాట ఒక్కటీ పడకుండా రాసిన తొలి కావ్యం ఒక ముస్లిం పేరు మీద ఉంది!

ఇక్కడే అసలు వింత. రక్తం రీత్యా తుర్కులైనవాళ్లు కోటల్లో ఉండి మల్కిభరాములయ్యారు. మగ్గం నేసే, దూది ఏకే, గాజులమ్మే, అత్తరమ్మే, తోళ్లు అమ్మే ఇక్కడి మనుషులు, సూఫీల దర్గాల నీడలో మతం మారిన ఈ నేల బిడ్డలు, తురకలయ్యారు. మాట దూరదేశం నుంచి వచ్చింది నిజమే. అది అంటుకున్న మనుషులు మాత్రం అంతకుముందు నుంచీ ఇక్కడే ఉన్నారు. మాట చేసిన ప్రయాణాన్ని మనిషి చేసిన ప్రయాణంగా లెక్కగట్టడమే మన మీద జరుగుతున్న మోసం.

పేరు బయటిది, చెట్టు ఇక్కడిది

ఏదైనా కొంచెం వేరుగా కనిపిస్తే దానికి పరాయి పేరు తగిలించడం అన్ని జాతుల్లోనూ ఉంది. అమెరికా ఖండం నుంచి మొక్కజొన్న వస్తే ఇటలీ జనం దాన్ని ‘తుర్కు ధాన్యం’ అన్నారు. అమెరికా కోడిని ఇంగ్లీషువాళ్లు ‘టర్కీ’ అన్నారు. టర్కీవాళ్లు ఆ కోడినే ‘హిందీ’ అంటారు. ఫ్రెంచి భాషలోనూ దానికి ఇండియా పేరే. మెక్సికో బంతిపువ్వు తమిళంలో ‘తులుక్క సామంది’ అయింది. పాపం ఆ కోడీ, ఆ పువ్వూ ఎన్నడూ టర్కీ గడప తొక్కి రాలేదు.

మన దగ్గర ‘తురకవేప’ ఉంది. వేపలాగే ఉంటుంది, వేప కాదు. దాని శాస్త్రీయ నామంలోని ‘అజెదరాక్’ ఫారసీ మాట. అయితే ఆ చెట్టు పుట్టిల్లు మన ఉపఖండమూ, దాని తూర్పు దేశాలే. పక్కింటి వేపతో పాటు ఇక్కడి మట్టిలోనే మొలిచి, ఎవరో పెట్టిన పేరుతో పరాయిదయ్యింది. తుర్కపల్లి, తుర్కయంజాల్, తురకపాలెం అనే మన ఊళ్ల పేర్లూ అంతే. ఆ ఊళ్ల నేల ఎక్కణ్ణుంచీ రాలేదు.

జనం మాత్రం ఈ మాటకి ప్రేమతో కూడా చోటిచ్చారు. శ్రీరంగంలో సుల్తాన్ కూతురు ‘తులుక్క నాచ్చియార్’ పేరుతో గోడమీది బొమ్మగా పూజలందుకుంటుంది, ఆమెకి రొట్టెలు నైవేద్యం. మన వైపు బీబీ నాంచారి కథ ఉంది. దేవుని కడపలో ఉగాది నాడు ముస్లింలు వెంకటేశ్వరుడి గుడికి వెళ్లి మొక్కుకుంటారు, తమ ఇంటి ఆడపిల్ల మొగుడని. ఈ కథలు చరిత్రకి నిలబడతాయా లేదా అన్నది వేరే చర్చ. తురక పిల్లని దేవుడికి భార్యని చేసిన జనం ఆ మాటని అంటరానిదిగా చూడలేదన్నది మాత్రం నిజం.

మాట కత్తి అయినప్పుడు

ఇన్ని అర్థాలున్న మాటని ఒక్క అర్థానికి కుదిస్తే ఏమవుతుందో బోస్నియా చెప్తుంది. 1463లో ఉస్మానియాల చేతిలోకి వెళ్లిన ఆ దేశంలో స్లావు జనం చాలామంది ముస్లింలయ్యారు. భాష మారలేదు. పొరుగున ఉన్న క్రైస్తవ సెర్బుల మాటా వాళ్ల మాటా ఒకటే. అయినా పొరుగువాళ్లు వాళ్లని ‘తుర్కులు’ అన్నారు. మతం మారినవాళ్లకి ‘తుర్కుగా మారినవాడు’ అని అర్థమొచ్చే ప్రత్యేకమైన తిట్టే ఉంది. అలాంటివాళ్లని తుడిచిపెట్టడం ఇతివృత్తంగా 1847లో ఒక మహాకావ్యం వెలువడింది, దాన్ని తరాల తరబడి బడుల్లో చదివించారు. 1995 జులై 11న స్రెబ్రెనిత్సా పట్టణంలోకి అడుగుపెట్టిన సెర్బు సేనాని రాట్కో మ్లాదిచ్, తుర్కుల మీద పగ తీర్చుకునే సమయం వచ్చిందని కెమెరా ముందు చెప్పాడు. తర్వాతి కొన్ని రోజుల్లో 8,000 మందికి పైగా మగవాళ్లనీ కుర్రాళ్లనీ చంపి గోతుల్లో పూడ్చారు. వాళ్లలో టర్కీ ముఖం చూసినవాళ్లు ఎంతమంది ఉంటారు? అంతర్జాతీయ న్యాయస్థానం దాన్ని జాతిహత్యగా నిర్ధారించింది. 2017లో మ్లాదిచ్‌కి యావజ్జీవ శిక్ష పడింది, 2021లో అది ఖరారయ్యింది.

500 ఏళ్ల నాటి సుల్తాన్ బాకీని పక్కింటి రొట్టెలు కాల్చుకునేవాడి దగ్గర వసూలు చెయ్యడానికి ఒక్క మాట చాలింది. బాబర్ బాకీ పేరుతో 1992 డిసెంబర్ 6న ఏం జరిగిందో చూసిన మనకి ఈ లెక్క కొత్త కాదు.

అక్కడ హిందీ, ఇక్కడ తురక

కడప నుంచీ, కరీంనగర్ నుంచీ గల్ఫ్‌కి పోయిన మన పిల్లల్ని అడగండి. అక్కడి అరబ్బులు వాళ్లని ఏమని పిలుస్తారు? ‘హిందీ’ అని. అంటే హింద్ దేశంవాడని. ఐదుపూటలా నమాజు చదివేవాడైనా, పక్కన పనిచేసే తన ఊరి రెడ్డో, మాదిగో, గౌడో అయినా వాళ్లకి ఒకటే హిందీ. మక్కాలో హాజీల బారులో నిలబడ్డా హిందీయే. ఆ హిందీవాడే సెలవుకి ఇంటికొచ్చి శంషాబాద్‌లో విమానం దిగితే తురక అవుతాడు. అరబ్బీలో ‘హింద్’ ఆడపిల్లలకి ముద్దుగా పెట్టుకునే పేరు. ‘ముహన్నద్’ అంటే హింద్ ఉక్కుతో చేసిన కత్తి. ఆ దేశాలవాళ్లు మన దేశం పేరుతో మనల్ని గుర్తుపడతారు. మన దేశంలో మాత్రం ఇంకో దేశం పేరు అంటించుకుని తిరగాలి.

పోనీ, ఈ మాటని వదిలించుకుందామా? 1991లో ఖాదర్ మొహియుద్దీన్ ‘పుట్టుమచ్చ’ నుంచి మొదలైన ముస్లింవాద సాహిత్యం ఈ ప్రశ్నని వేస్తూనే ఉంది. 1994లో మొదలైన దండోరా ఉద్యమం ఒక దారి చూపింది. తిట్టుగా విసిరిన కులం పేరుని తమ పేరు చివర తగిలించుకుని ‘మాదిగ’లు తలెత్తి నిలబడ్డారు. తుర్క్ అనే మాటని టర్కీ రైతు గెలిపించుకున్నట్టే అది కూడా. తురక అనే మాటనీ అలా నిలబెట్టుకోవచ్చనేవాళ్లు మనలో ఉన్నారు. వద్దు, అది మనల్ని పరాయివాళ్లని చేసే మాట అనేవాళ్లూ ఉన్నారు. ఇద్దరి వాదనలోనూ న్యాయం ఉంది. ఎవరిని ఏమని పిలవాలో నిర్ణయించుకునే హక్కు మాత్రం పిలిపించుకునేవాళ్లదే.

ఈ చర్చ చేసేటప్పుడు ఒక ప్రభుత్వ జాబితా దగ్గర పెట్టుకోవడం మంచిది. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ వెనకబడిన ముస్లిం సమూహాలకి 4 శాతం రిజర్వేషన్ ఇస్తూ చట్టం చేసింది. అత్తరు సాయిబులు, ఫకీర్లు, హజాంలు, ఖురేషీలతో పాటు ఆ జాబితాలో ‘తురక కాశ’ అనే పేరుంది. ‘రోళ్లకు కక్కు కొట్టేవారు’ అనే పేరు కూడా ఆ పక్కనే ఉంది. అరిగిపోయిన రోళ్లకీ, తిరగళ్లకీ ఊరూరా తిరిగి గంట్లు పెట్టే రాతిపనివాళ్లు వీళ్లు. అరబ్ దేశం నుంచో, ఇరాన్ నుంచో, మధ్య ఆసియా నుంచో వచ్చామని చెప్పుకునే సయ్యద్‌లనీ, మొఘల్‌లనీ, పఠాన్‌లనీ, ఇరానీలనీ, అరబ్బులనీ ఆ చట్టం మినహాయించింది.

అంటే బయటినుంచి వచ్చినవాళ్ల పేరులో తురక లేదు. తరతరాలుగా మీ ఇళ్ల రోళ్లు గట్టి చేసి, మీరు పెట్టిన గింజలు తీసుకుని పక్క ఊరికి నడిచిపోయిన మనిషి పేరులో ఉంది. మీరెక్కడి నుంచి వచ్చారని తురకని అడిగేవాళ్లు, తమ వంటింటి రోటి మీది గంట్లు ఎవరి చేతివో ముందు తెలుసుకోవాలి.